నాలుగు గడులూ, ఉప్పు చాయ్

తండ్రి పోయినప్పటి నుంచి సంపత్ నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "సరే."

అన్నానికి లేవమంటే సరే. చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేస్తానంటే సరే. సూరత్ సలాబత్‌పురాలోని తమ దుపట్టాల దుకాణంలో గిరాకీ నిలబడి సగం ధరకు అడిగితే, పక్కనున్న గుమాస్తా గుండె పట్టుకుని చూస్తుండగా, సరే. ఆ మాటలో కోపం లేదు, విసుగు లేదు, ఒప్పుకోలు కూడా లేదు. ఎండిన బావిలోకి కేకేస్తే ఆ కేకే తిరిగొచ్చినట్టు వచ్చేది.

ఒక్క మాటతో కూడా సంసారం ఈదొచ్చు. ఆ ఒక్క మాటనే ఒకే జాగా గురించి ముగ్గురికి చెప్తేనే చిక్కు.

ఆ జాగా వడోద్‌లో ఉంది. తండ్రి వెంకటయ్య కరీంనగర్ వైపు నుంచి సూరత్‌కు వచ్చి, పరాయివాళ్ళ సాంచాల మీద కూలికి నేసి నేసి, చివరికి కట్టుకున్న రేకుల కార్ఖానా. సాంచా అంటే కరెంటు మగ్గం. లోపల ఎనిమిది పాత సాంచాలు. వాటిని చూసుకునేవాడు వెంకటయ్య తమ్ముడు రాజలింగం. నోరు తెరిస్తే నవ్వులాట, చెయ్యి కదిపితే కొంటెపని. ఆయన ఉన్నచోట విడిచిన చెప్పులు జతగా దొరికితే ఆ రోజు ఆయనకు జ్వరం వచ్చినట్టు లెక్క.

ఓ పొద్దున సంపత్ అక్కడికి వెళ్ళేసరికి గుమ్మం ముందు టెంపో ఆగి ఉంది. అందులో కుట్టుమిషన్లు. వాటి మీద చెయ్యేసి భార్య జమున. లోపల గోడకు టేపు పట్టి కొలతలు తీస్తున్నాడు బట్టల ప్రింటింగ్ చూసుకునే బావమరిది తిరుమల. ఈ గొడవ మాకెందుకన్నట్టు సాంచాలు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఆగుండ్రి, ఆగుండ్రి." రాజలింగం చేతులూపుకుంటూ బయటికొచ్చాడు. "గీ మిషన్లు ఎక్కడికి కోడలా?"

"ఈడికే మామా. కుర్తీలు కుట్టనీకి ఇంట్ల జాగ సాలుతలేదు, కార్ఖాన్ల పెట్టుకుంట అన్న. సరే అన్నడు."

"నాకు గూడ అన్నడు," అన్నాడు తిరుమల, టేపు వదలకుండానే. "రెండో ప్రింటింగ్ మిషన్ గీ గోడకు పెడ్త బావా అంటే సరే అన్నడు. మిషనోనికి మాట గూడ ఇచ్చిన."

"మంచిగుంది. నాకు మీకంటే ముందుగాల్నే అన్నడు. దీపావళి దాటినంక గూడ సాంచాలు నడుపుకుంట అంటే సరే కాకా అన్నడు." రాజలింగం ముగ్గురి వంకా చూసి నడుం మీద చేతులేసుకున్నాడు. "పీటల మీద పెండ్లికొడుకు ఒక్కడే, పెండ్లిపిల్లలం ముగ్గురం. చెప్పుండ్రి, నేను గూడ ముసుగేసుకోవాల్నా?"

సాంచాల మధ్య నుంచి నేతగాడు లింగం పగలబడి నవ్వాడు. కోపంగా ఉన్న జమున కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. సంపత్ మాత్రం టెంపో వెనక చక్రాన్ని చూస్తూ నిలబడ్డాడు. చక్రానికి బురద అంటుకుని ఉంది. అంతే, అంతకంటే అందులో ఏమీ లేదు.

రాజలింగం లారీ మీద నుంచి చాయ్ తెచ్చాడు. లారీ అంటే సూరత్‌లో తోపుడు బండి. అందరికీ గ్లాసులు పంచి, సంపత్ గ్లాసు దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తిరిగి జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. జామకాయల మీద అద్దుకోవడానికి ఎప్పుడూ దగ్గరుంచుకునే ఉప్పు. రెండు వేళ్ళతో దండిగా వేసి, కలిపి, లింగానికి కన్ను కొట్టి, గ్లాసు అందించాడు.

సంపత్ తాగాడు. పొగలు కక్కుతున్న చాయ్‌ని ఊదకుండా, మొహం చిట్లించకుండా, అడుగుదాకా తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

కొట్టిన కన్ను రాజలింగానికి తెరుచుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఈ ఉప్పు పని ఆయన ఇవాళ మొదలుపెట్టింది కాదు. వానాకాలం నుంచి వేస్తున్నాడు. ఒక్కసారైనా వీడు థూ అంటాడని.

సంగతి సంపత్ తల్లి లలితమ్మ చెవిన పడింది. ఆమె కొడుకుని కూర్చోబెట్టి ఒక్కటే చెప్పింది. "దీపావళికి కార్ఖానలన్ని మూతపడ్తయి. గా లోపల గీ జాగ ఎవరిదో తేల్చు. ఎనిమిది సాంచాలు నడుస్తయా, పోతయా? నడిమిట్ల ఉంచి అందర్ని ఆగం చెయ్యకు."

"సరే," అన్నాడు సంపత్.

లలితమ్మకు ఆ సరే మీద నమ్మకం లేదు. అడాజన్‌లో ఉండే ధర్మారావుకు ఫోను చేసింది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, వెంకటయ్యకు మొదటి నుంచీ తెలిసినవాడు. ఆయన కూతురు ప్రవల్లిక ఎంబీఏ చదివింది. ఏ వ్యాపారానికి మేత పెట్టాలో, దేన్ని వదిలించుకోవాలో కంపెనీలకు చెప్పే ఉద్యోగమట.

ఆదివారం ఆ అమ్మాయి స్కూటర్ మీద వడోద్ వచ్చింది. హెల్మెట్ తీసి, బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్క అడిగి తీసుకుని, సాంచాల మధ్య ఖాళీ నేల మీద పెద్ద చతురస్రం గీసింది. దాన్ని నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత కోసింది. నాలుగు గడులయ్యాయి.

"తొక్కుడుబిళ్ళనా బిడ్డా?" అన్నాడు రాజలింగం. "ముందుగాల్నే చెప్తున్న, నాకు మోకాలు నొప్పి."

"అలాంటిదే అంకుల్. కాకపోతే బిళ్ళ వేసే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ ధంధా బయట బజార్లో పెరుగుతోందా? అందులో మనం పక్కవాళ్ళకంటే ముందున్నామా? బస్, ఈ రెండే."

దుకాణం నుంచి తెచ్చిన దుపట్టాని మొదట ఒక గడిలో వేసింది. "దుపట్టాల హోల్‌సేల్ పెద్దగా పెరగట్లేదు. కానీ ఆ వీధిలో మీ దుకాణం తెలియనివాళ్ళు లేరు. ఇది పాలిచ్చే ఆవు. పాలు పిండుకోవాలి, దానికి కొత్త కొట్టం కట్టించక్కర్లేదు. ఆ పాలు ఎవరికి పోస్తామన్నదే అసలు సంగతి."

రెండో గడిలో జమున కుట్టిన కుర్తీ. "ఆన్‌లైన్లో కుర్తీలు పెరుగుతున్నాయి, జమునక్క వాటిలో బాగా ముందుంది. ఇది నక్షత్రం. సంపాదించినంతా తినేస్తుంది, అయినా ఆకలితో ఉంచకూడదు."

జమున తల వంచుకుంది గానీ, కాలి బొటనవేలు సంతోషంగా నేల గీకింది.

మూడో గడిలో ప్రింటు చేసిన గుడ్డముక్క. "డిజిటల్ ప్రింటింగ్ కూడా పెరుగుతోంది. కానీ అంత పెద్ద మిల్లుల మధ్య మనది ఒక్కటే మిషన్. ఇది ప్రశ్న గుర్తు. నక్షత్రం అవుతుందో, ఆరిపోతుందో ఎవరూ చెప్పలేరు. పెడితే కడుపునిండా పెట్టాలి, లేదంటే పెట్టకూడదు. అందరికీ సగం సగం పెట్టడం ఉంది చూశారా, అన్నిటికంటే నష్టం అదే."

నాలుగో గడి దగ్గర ఆ అమ్మాయి ఆగింది. చుట్టూ సాంచాల వంక చూసి, గొంతు తగ్గించింది. "పాత సాంచాల మీద రంగు వేయని కోరా బట్ట... ఆ బజారూ పెరగట్లేదు, అందులో మనమూ ముందు లేము. దీన్ని కుక్క అంటారు. నేను పెట్టిన పేరు కాదంకుల్."

"కుక్కనా!" రాజలింగం ఒక్క గెంతు గెంతి ఆ గడిలో నాలుగు కాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాలు నొప్పి ఎటు పోయిందో. భౌ భౌమని మొరిగి, ప్రశ్న గుర్తు పక్కనే నిలబడ్డ తిరుమల ప్యాంటు పళ్ళతో పట్టుకున్నాడు. తిరుమల కెవ్వున ఎగిరి నక్షత్రంలో పడ్డాడు. లింగం సాంచా ఆపేసి మరీ నవ్వాడు. ప్రవల్లిక సుద్దముక్క చేతిలో విరిగిపోయింది నవ్వుకి.

సంపత్ చూస్తున్నాడు. వాళ్ళందరి నోళ్ళూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అద్దం అవతల జరుగుతున్నట్టుంది.

రాజలింగం అలాగే నేల మీద కూర్చుని ప్యాంటు దులుపుకుంటూ అడిగాడు. "మరి బిడ్డా, కుక్కకు గంజి పొయ్యొద్దంటవ్?"

"వ్యాపారానికి అంకుల్. గడులు వ్యాపారాలకే, మనుషులకు కాదు."

"గట్లనా. మరి సాంచాలు పోయినంక నేను ఏ గడిల నిలబడాలె?"

ఆ అమ్మాయి విరిగిన సుద్దముక్కలు కింద పెట్టింది. "అది ఈ బొమ్మ చెప్పదు. ఇవాళ ఏది ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. దేనికి ఎంత అన్నది సంపత్ అన్న చెప్పాలి. చెప్పేవాడు గడుల బయట నిలబడాలి."

"బయటనే నిలబడ్డడు బిడ్డా వాడు," అన్నాడు రాజలింగం, అన్న కొడుకు మొహంలోకి చూస్తూ. "లోపల్నే ఎవ్వలు లేరు."

అందరూ సంపత్ వైపు తిరిగారు. నొప్పి తెలియనివాడికి పన్ను పీకడం ఎంతసేపు? "బొమ్మల ఉన్నట్టే కానీయండ్రి," అన్నాడు. "సాంచాలు భంగార్‌కు ఇచ్చేద్దాం."

పాత ఇనుము అన్న మాట వినగానే లింగం నవ్వు ఆగిపోయింది. రాజలింగం లేచి నిలబడ్డాడు.

"ఇయ్యొచ్చు. గని పడుగున్న సాంచాను కదిలించొద్దు. మీ బాపు గూడ ఎన్నడు కదిలియ్యలే. ఎక్కిన పడుగును నేసి దించాలె, నడిమిట్ల కోస్తే ఇంటికి కీడు. ఏడింటివి దీపావళి లోపల అయిపోతయి, మళ్ళ కొత్తవి కట్టకుంటె సాలు." మూల వైపు గడ్డం తిప్పాడు. "దాని సంగతేంది?"

కార్ఖానా చివర మూలలో ఎనిమిదో సాంచా. వెంకటయ్య చివరి రోజు సాయంత్రం దాని మీద కొత్త పడుగు, అంటే నిలువు పోగుల వరస, అతికాడు. పాత పడుగు తోకలో ఒక్కో పోగుకు కొత్త పడుగు పోగును తెచ్చి ముడేయాలి. వందల ముడులు, చీమల బారులాగ. రేపు లాగి నడుపుదామని ఇంటికెళ్ళాడు. తెల్లారి పళ్ళు తోముకుంటూ ఒరిగిపోయాడు.

ఆ తర్వాత ఈ ఆదివారం దాకా సంపత్ నోటి నుంచి సరే కాని మాట ఒకే ఒక్కటి వచ్చింది. "దాన్ని ఎవ్వలు ముట్టొద్దు." అప్పటి నుంచి అతనూ ఆ మూలకు వెళ్ళలేదు. వచ్చినప్పుడల్లా గుమ్మంలో నుంచి చూసేవాడు. ఆగిపోయి, దుమ్ములో, అలాగే ఉండేది.

"నేనే నేస్త," అన్నాడు సంపత్.

నేస్తానన్నవాడు మర్నాడు వెళ్ళలేదు. ఆ తర్వాత రోజూ వెళ్ళలేదు. దుకాణంలో కూర్చుని దుపట్టాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. వడోద్‌లో ఒక్కొక్క సాంచా మీద పడుగు అయిపోతూ వచ్చింది. అయిపోయినదాన్ని అయిపోయినట్టే ఆపేశారు. కార్ఖానా చప్పుడులో ఒక్కో పన్ను ఊడిపోతున్నట్టుండేదని జమున చెప్పింది. లింగం సచిన్ ఊరి వైపు వాటర్‌జెట్ మగ్గాల కార్ఖానాలో పని మాట్లాడుకున్నాడని కూడా చెప్పింది. సంపత్ సరే అన్నాడు.

నాలుగు సాంచాలు మాత్రమే నడుస్తున్న ఓ మధ్యాహ్నం, ఎందుకో తెలియకుండానే, చెప్పులేసుకుని బయలుదేరాడు. నేల మీద ప్రవల్లిక గీసిన గడులు సగం చెరిగి ఉన్నాయి. వాటి మీదుగా నడిచి మూలకు వెళ్ళాడు.

సాంచా వెనక వంగి చూశాడు. ముడులు బారుగా ఉన్నాయి. తండ్రి చేతివి. వాటిని తాకితే ఏదైనా అవుతుందేమోనని అతనికి ఇన్నాళ్ళూ భయం. ఏమీ కాదేమోనన్నది అంతకంటే పెద్ద భయం. వేలితో తాకాడు.

ఏమీ కాలేదు.

ఇంకాస్త వంగాడు. పక్క ముడి. దాని పక్కది. చిన్నప్పుడు తండ్రి పక్కన గోనెపట్టా మీద కూర్చుని పోగులు అందిస్తూ చూసిన కళ్ళు అవి. వెంకటయ్యది పుర్రచెయ్యి, అంటే ఎడమచేతి వాటం. ఆయన ముడి వేస్తే కొస ఎప్పుడూ కుడివైపు వాలేది. ఆ వాలు చూసే తోటి నేతగాళ్ళు, ఇది వెంకటయ్య చెయ్యి అనేవాళ్ళు.

ఇక్కడ ప్రతి ముడి కొసా ఎడమవైపు వాలి ఉంది.

"కాకా."

రాజలింగం అప్పుడే రెండు చాయ్ గ్లాసులతో లోపలికొస్తున్నాడు. ఒకటి మామూలుది. ఒకటి అలవాటైనది.

"కాకా, గివి బాపు ముడులు కావు."

రాజలింగం గ్లాసు అతని చేతిలో పెట్టాడు. "తాగు ముందు. సల్లారుతది."

సంపత్ అలవాటుగా గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. కళ్ళు ముడుల మీదే ఉన్నాయి. "ఎవలియి?"

"నాయి." ఆయన పక్క సాంచాకు ఆనుకున్నాడు. "మీ బాపు కట్టిన పడుగు వినాయకుల పండుగకే అయిపోయింది. నేనే నడిపిన, రాత్రిపాళిల. నేసి, దించి, తాన్లు గూడ మార్కెట్‌కు పోయినయి. ఇప్పటికి ఎవలిదో లంగకు అస్తరు అయ్యుంటది."

"నేను ముట్టొద్దన్న గద."

"అన్నవ్. పొద్దుగాల ముట్టలే. నీ నోట్లకెళ్ళి వచ్చిందే ఒక్క మాట, దాన్ని ఎట్ల కాదంట? గుమ్మంలకెళ్ళి నువ్వు చూసే టైముకు ఆపి, ఇంత దుమ్ము గూడ సల్లి పెట్టేటోన్ని." ఆయన గొంతులో పాత కొంటెదనం తొంగిచూసింది. "నువ్వు దండం పెట్టుకునే పడుగు, బిడ్డా, నా పడుగు. ఒకటి అయిపోతె దాని తోకకు ఇంకోటి కట్టిన. మీ బాపు సాంచా ఊకె నిలబెడ్తే ఊకుంటుండెనా? కాట్లకెళ్ళి లేసి వచ్చి తంతుండె ఇద్దర్ని!"

సంపత్ ఏదో అనబోయాడు. నోట్లో ఏదో వికారంగా తగిలింది. నాలుక కాలింది. ఆ మంట మీద ఇంకేదో. "థూ!" అని నేల మీద ఉమ్మేశాడు. "గిదేంది కాకా? ఉప్పేసినవా?"

రాజలింగం కళ్ళు ఇంతింత అయ్యాయి. "దొరికిండ్రో!" అని ఆయన పెట్టిన కేకకు లింగం పరిగెత్తుకొచ్చాడు. "లింగా, వీనికి ఉప్పు తగిలిందిరా! వానకాలం కెళ్ళి తాగుతుండు, ఇయ్యాల తగిలింది!"

సంపత్‌కి నవ్వొచ్చింది. ఎక్కడో తుప్పు పట్టిన గొళ్ళెం కదిలినట్టు వచ్చింది. నవ్వుతూనే సాంచా చట్రం పట్టుకుని కూర్చుండిపోయాడు. అప్పుడు ఏడుపూ వచ్చింది. తండ్రి చివరి బట్ట ఎవరికో అస్తరై పోయింది. తండ్రి చనిపోయాడు. ఇన్నాళ్ళూ అందరికీ తెలిసిన ముచ్చట అతనికి ఇప్పుడు అందింది.

రాజలింగం అతని నెత్తి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత మెల్లగా, పెండ్లి సంబంధం కుదిరినంత ఆశగా అడిగాడు.

"అయితే నడుపుకుందమా సంపతీ? ఇంకో పడుగు తెస్త."

సంపత్ మొహం తుడుచుకుని నేల వైపు చూశాడు. చెరిగిన గీతల మధ్య నాలుగు గడులు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ రోజు బొమ్మను చూసి సాంచాలు ఇచ్చేద్దామన్న మాట తన నోటి నుంచే వచ్చినా, వేరెవరో అన్నట్టుంది. ఇప్పుడు మళ్ళీ అడిగాడు, తనలో తను. ఈ బట్టకు రేపు బజారు ఉందా? లేదు. అందులో మేము ముందున్నామా? లేము. కాకా రాత్రుళ్ళు మేల్కొని నడిపినా అది మారదు. ముగ్గురికీ సరే అని, ముగ్గురినీ సగం కడుపుతో పడుకోబెట్టింది తనే. లోపల మనిషి లేనప్పుడు ఈ లెక్క ఎంత తేలికగా ఉండింది!

"వద్దు కాకా," అన్నాడు, ఆయన కళ్ళలోకి చూస్తూ. "దీన్ని మనిద్దరం కలిసి నేసి దించుదాం. తర్వాత సాంచాలన్ని పోనీ. జాగ జమునకు ఇస్తున్న. తిరుమలకు నేనే చెప్త, రెండో మిషన్ వద్దని. తిడ్తే తిట్టనీ."

రాజలింగం నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

తిరుమల తిట్టనే తిట్టాడు. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు అన్నానికొచ్చాడు. మూల సాంచా మీద పడుగును కాకా, సంపతూ వంతులేసుకుని నేశారు. చివర్లో తోక మిగిలింది. ఈసారి దానికి ఏదీ కట్టలేదు. దీపావళికి ముందు భంగార్ టెంపో వచ్చి ఎనిమిదింటినీ ఎత్తుకుపోయింది. వాటిని బిగించిన చోట్ల నేల మీద నూనె మరకలు మిగిలాయి.

సాయంత్రం కుట్టుమిషన్లు దించుతున్నారు. రాజలింగం మూలలో, సాంచా ఉండిన చోట, తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. జమున రెండుసార్లు మామా అని పిలిచింది. ఆయన వినలేదు. ఆయన చొక్కా మేకుకు వేలాడుతోంది.

సంపత్ లారీ దగ్గరికెళ్ళి తనే చాయ్ తెచ్చాడు. మేకుకున్న చొక్కా జేబులో పొట్లం దొరికింది. కాకా ఎంత వేసేవాడో అంత, రెండు వేళ్ళతో దండిగా వేశాడు. నవ్వు ఆపుకుంటూ గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. ఇప్పుడు థూ అంటాడు. నా మంత్రం నాకే వేస్తవారా అని వీపు మీద ఒక్కటిస్తాడు.

రాజలింగం తాగాడు. ఒక గుక్క, ఇంకో గుక్క. ఊదలేదు. మొహం చిట్లించలేదు. అడుగుదాకా తాగి, ఖాళీ గ్లాసు తిరిగిచ్చాడు.

గ్లాసు అడుగున కరగని ఉప్పు తెల్లగా ఉంది.

సంపత్ నవ్వు పోయింది. ఆ నూనె మరక మీదే ఆయన పక్కన కూర్చున్నాడు.

"కాకా, రేపటి కెళ్ళి జమున కాడ బట్ట చూసే పని నీది. ఏమంటవ్?"

రాజలింగం ఎదురు గోడను చూస్తున్నాడు. గోడలో ఏమీ లేదు.

"సరే," అన్నాడు.